ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోమని ఎందుకంటున్నాను

కారు ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంటి దగ్గర మనమే మార్చుకోవచ్చని చెబితే మా నల్గొండలో మొదట వచ్చే ప్రశ్న, "ఎంత మిగుల్తది?" అని. ప్యాడ్ల ధర ఎలాగూ పెట్టాల్సిందే, మిగిలేది కూలి. చిన్న కారుకు ఆ కూలి పెద్ద మొత్తమేమీ కాదు. లేపిన బండిని మోసే జాక్ స్టాండ్లు, మర తిప్పి నొక్కే సి-క్లాంపు, గ్రీజు కొత్తగా కొనాల్సి వస్తే మొదటిసారి రూపాయి కూడా మిగలదు. కాబట్టి డబ్బు కోసమైతే ఈ పని పెట్టుకోవద్దనే చెబుతాను.

నేను చెప్పే కారణం వేరు. పాత ప్యాడ్లు తీసి కొత్తవి వేయడం చేయి తిరిగిన మనిషికి పావుగంట పని. దాని చుట్టూ ఇంకో పని ఉంది. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ జారే పిన్నులు తీసి శుభ్రం చేయాలి, వాటి రబ్బరు తొడుగులు చూడాలి, చక్రంతో పాటు తిరిగే డిస్క్ మందం కొలవాలి, ప్యాడ్‌ను దానికి అదిమే పిస్టన్ సాఫీగా కదులుతుందో లేదో తెలుసుకోవాలి. దానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. బయట నాలుగు బండ్లు ఆగి ఉన్న షెడ్డులో ఆ రెండు గంటలు ఎవరికీ దొరకవు. ఇంటి దగ్గర ఆదివారం పొద్దున దొరుకుతాయి. బండి సరిగ్గా ఆగుతుందా లేదా అన్నది ఆ రెండు గంటల పని మీదే ఉందని నా గట్టి నమ్మకం.

ఈ నమ్మకం ఊరికే రాలేదు. మా కారుకు అంతకుముందు ప్యాడ్లు ఒక షెడ్డులో వేయించాం. వేసినవి మంచి కంపెనీవే, బిల్లులో తేడా ఏమీ లేదు. కొన్నాళ్లకు బ్రేక్ నొక్కినప్పుడు బండి కొంచెం కుడివైపు లాగడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే కుడి చక్రంలో రెండు ప్యాడ్లూ సమానంగా అరిగి ఉన్నాయి. ఎడమ చక్రంలో లోపలి ప్యాడ్ దాదాపు దాని వెనకుండే రేకు దాకా వచ్చింది, బయటిది సగానికి పైగా మిగిలే ఉంది. కాలిపర్ కింది పిన్ను తుప్పు పట్టి దాని రంధ్రంలో బిగుసుకుపోయింది. కొత్త ప్యాడ్లు వేసిన రోజు ఆ పిన్నును ఎవరూ బయటికి తీయలేదని చూడగానే తెలిసిపోయింది. ఎండిపోయి నల్లబడిన పాత గ్రీజు అలాగే ఉంది.

ఈ పిన్ను గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. చిన్న కార్లు చాలావాటిలో ముందు చక్రానికి ఉండే కాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే ఉంటుంది, అదీ లోపలివైపు. బ్రేక్ నొక్కగానే ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకు వచ్చి లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు అదుముతుంది. డిస్క్ పక్కకు జరగదు. అందుకని కాలిపరే వెనక్కి జరుగుతుంది. అలా జరిగినప్పుడే బయటి ప్యాడ్ అవతలి వైపు నుంచి వచ్చి డిస్క్‌ను పట్టుకుంటుంది. కాలిపర్ జరగడానికి ఆధారం ఆ రెండు పిన్నులే. రబ్బరు తొడుగుల లోపల, గ్రీజులో, వేలితో నెడితే జారేటట్టు ఉండాలి అవి. ఒకటి బిగుసుకున్నా బయటి ప్యాడ్ సగం మనసుతో పనిచేస్తుంది, భారమంతా లోపలి దాని మీద పడుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తే మనకు కనబడేది బయటి ప్యాడ్ మాత్రమే. "ఇంకా మస్తుంది సార్, ఇంకో పదివేలు తిరుగుతది" అని బయటి ప్యాడ్‌ను చూసి చెప్పే మాటను నమ్మి లోపల రేకు మీద తిరుగుతున్న బండ్లు మన రోడ్ల మీద ఎన్నో ఉంటాయి.

మన ప్రాంతంలో ఈ పిన్నులకు కష్టం ఎక్కువ. సాగర్ ఎడమ కాల్వ కింద హాలియా, మిర్యాలగూడ వైపు నాట్ల రోజుల్లో తిరిగిన వాళ్లకు తెలుస్తుంది. దమ్ము చేసి పొలంలోంచి ఎక్కిన ట్రాక్టర్లు రోడ్డంతా బురద పోస్తాయి. అది చక్రాల లోపలికి చిమ్మి, ఎండి, పెళ్ల కడుతుంది. దేవరకొండ, చింతపల్లి వైపు పోతే చెల్క నేలల ఎర్రదుమ్ము. పాలమూరు లోపలి రోడ్ల మీద ఏ మలుపు తిరిగినా గొర్ల మంద అడ్డం రావచ్చు. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, కొన్నిచోట్ల తెల్లగీత కూడా ఉండదు. కోతలప్పుడు రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు దగ్గరికొచ్చేదాకా కనబడవు, ఒక్కసారిగా బ్రేక్ తొక్కాల్సి వస్తుంది, అదీ టైర్ల కింద గింజలుండగా. రైతును తప్పుపట్టడం లేదు, కల్లం లేని చోట ఆయన మాత్రం ఏం చేస్తాడు. కానీ అలాంటి రోడ్డు మీద తిరిగే బండికి రెండు చక్రాలూ సమానంగా పట్టుకోవాలి. ఒకటి పట్టి ఇంకొకటి పట్టకపోతే బండి పక్కకు తిరుగుతుంది.

దుమ్ముకూ ఈ బ్రేకులకూ వైరం మొదటి నుంచీ ఉన్నదే. డిస్క్ బ్రేకు మీద ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడినవి రాగి ప్యాడ్లు. అప్పటి దుమ్ము రోడ్ల మీద అవి తొందరగా అరిగిపోయేవి. 1953లో జాగ్వార్ కార్లు డిస్క్ బ్రేకులతో ఫ్రాన్సులోని లే మాన్స్ కార్ల పందెం గెలిచాక గానీ లోకానికి వీటి మీద గురి కుదరలేదు.

వేడి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్యాడ్ చేసే పని అంతా వేడితోనే. 1100 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో ఉన్న గతిశక్తి సుమారు 2,70,000 జౌళ్లు. బండి ఆగిందంటే అదంతా వేడిగా మారిందన్నమాట. ముప్పావు లీటరుకు పైగా నీళ్లను మరిగించగల వేడి అది. కొన్ని సెకన్లలో పుడుతుంది, ఎక్కువ భాగం ముందు డిస్కుల మీదే పడుతుంది. బ్రేక్ వేస్తే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ముందు బ్రేకులు సగం కన్నా చాలా ఎక్కువ పని చేస్తాయి. అందుకే అవి ముందుగా అరుగుతాయి.

ఇప్పుడు శ్రీశైలం దారి గుర్తు చేసుకోండి. డిండి, మన్ననూరు మీదుగా అడవి దాటి, దోమలపెంట, ఈగలపెంట తర్వాత కృష్ణ దగ్గరికి దిగే మలుపులు. అదే 1100 కిలోల కారు 300 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 32 లక్షల జౌళ్లు. అంటే 80 వేగం నుంచి 12 సార్లు బండిని ఆపినంత. గేరు తగ్గించి దిగితే అందులో చాలా భాగాన్ని ఇంజన్ భరిస్తుంది. న్యూట్రల్‌లో వేసి బ్రేక్ మీద కాలుపెట్టి దిగితే మొత్తం ఈ డిస్కులే మోయాలి. పెట్రోలు కలిసొస్తుందని అలా దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు సరఫరాను ఆపేస్తాయి, కాబట్టి కలిసొచ్చేదేమీ లేదు. దయచేసి ఆ అలవాటు మానండి. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం గుట్ట దిగేటప్పుడైనా ఇదే మాట.

వేడికి ప్యాడ్లతో పాటు బ్రేక్ ఆయిల్ కూడా లొంగుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక ప్రమాణం 155 డిగ్రీలే. డాట్ 3 అయితే 205, 140. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నొక్కితే ఆ బుడగలు నలుగుతాయి తప్ప పిస్టన్‌కు ఒత్తిడి చేరదు. కాలు కిందికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించమని కంపెనీలు చెప్పేది అందుకే. మనలో ఎంతమంది మార్పిస్తున్నాం?

ఇంట్లో ఈ పని చేస్తానంటే వచ్చే అభ్యంతరాల్లో ఒకదాన్ని నేను అసలు ఒప్పుకోను, ఇంకొకదానికి తలవంచుతాను.

ఒప్పుకోనిది నామోషీ. వాకిట్లో చక్రం విప్పి కూర్చుంటే ఎదురింటి పెద్దాయన వచ్చి, "సార్, గింత చదువుకొని చేతులకు గ్రీజు పూసుకునుడేంది? ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు?" అన్నాడు. ఆయన మంచి మనిషి, నా మీద ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. మా ఊళ్లో బోరు మోటారు కాలిపోతే పైపులు పైకి లేపింది ఇంటి మనుషులే. స్టార్టర్ డబ్బాలో ఫ్యూజు వైరు మార్చింది, ఇంజను బెల్టు బిగించింది మా బాపే. అదే ఇంటి కొడుకులం ఉద్యోగాలొచ్చి కారు కొనుక్కున్నాక బానెట్ ఎత్తడానికి సిగ్గుపడుతున్నాం. పనిచేసే చేతిని తక్కువ చేసి చూసే పాత బుద్ధి ఇది, కులంతో కలిసి వచ్చింది. చదువు వచ్చాక పోవాల్సింది పోయి ఇంకా గట్టిపడింది. కమ్మరి, వడ్రంగి, మెకానిక్ చేసే పనిని మనం చేయకపోవడం గౌరవం అనుకున్నంత కాలం ఆ పనికి ఇవ్వాల్సిన విలువ కూడా ఇవ్వం. మా అమ్మాయి ఇంటర్ చదువుతుంది. చక్రం నట్లు తనతోనే విప్పిస్తాను.

నేను తలవంచేది మా బామ్మర్ది మాటకు. "బావా, ఇంజన్ ఆయిల్ మార్చుకో, ఫిల్టర్ మార్చుకో, ఏమన్న చేసుకో. బ్రేకుల జోలికి మాత్రం పోకు. పిల్లలు తిరిగే బండి" అంటాడు. ఇది న్యాయమైన భయం. ఫిల్టర్ తప్పుగా వేస్తే బండి ఆగిపోతుంది, బ్రేకు తప్పుగా వేస్తే బండి ఆగదు. అందుకే మొదటిసారి చేసేవాళ్లు తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలి, వీడియో చూసి ధైర్యం తెచ్చుకుంటే చాలదు. కానీ వాడి భయం నుంచే నా వాదన మొదలవుతుంది. ఇంత ముఖ్యమైన భాగాన్ని ఇంట్లో ఒక్కరు కూడా ఎన్నడూ కళ్లతో చూడకుండా, బిల్లు మీద రాసిన ఒక లైనును నమ్మి, పిల్లల్ని ఎక్కించుకొని ఘాట్ దిగుతున్నాం. నాకు భయం వేసేది అక్కడ.

ఇక పని. ముందు నేల చూసుకోవాలి. సమంగా, గట్టిగా ఉండాలి. సీసీ వాకిలి అయితే మంచిది, మట్టి నేల అయితే జాకీ కింద, స్టాండ్ కింద మందమైన చెక్క వేయాలి, లేకపోతే ఎండాకాలం కూడా నేల దిగబడుతుంది. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలు నేల మీద ఉండగానే పానాతో నట్లు కొంచెం వదులు చేసుకోవాలి. బండి లేపాక జాక్ స్టాండ్ మీద కూర్చోబెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. విప్పిన చక్రాన్ని బండి కింద అడ్డంగా పడేస్తే ఇంకో రక్షణ. జాకీ ఒక్కదాని మీద లేపి ఉన్న బండి కింద చేయి పెట్టడం కూడా నేను ఒప్పుకోను. ఈ విషయంలో మాత్రం తొందర, ధీమా రెండూ పనికిరావు.

ఒకసారికి ఒక పక్కే విప్పాలి. దీనికి రెండు కారణాలు. క్లిప్పులు ఎటువైపు ఉన్నాయో అనుమానం వస్తే రెండో పక్క చూసుకోవచ్చు. అంతకన్నా పెద్ద కారణం, రెండు కాలిపర్లూ విప్పి ఒకవైపు పిస్టన్‌ను లోపలికి నెడితే ఆ ఆయిల్ ఒత్తిడికి రెండో వైపు పిస్టన్ బయటికి పడిపోవచ్చు. అప్పుడు పని ఇంటి పని కాకుండా పోతుంది.

చాలా బండ్లలో కాలిపర్ కింది బోల్టు ఒక్కటి తీస్తే అది పైకి మడుచుకుంటుంది. కానీ నేను రెండూ తీయమంటాను, ఎందుకంటే పై పిన్ను కూడా చూడాలి కదా. విడిపోయిన కాలిపర్‌ను రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వొద్దు. ఆ గొట్టం లోపల దెబ్బతింటే బయటికి కనబడదు. తీగతో చక్రం పైనుండే స్ప్రింగుకు కట్టేయండి. పాత ప్యాడ్లు తీసి లోపలిది, బయటిది గుర్తుపెట్టి పక్కపక్కన పెట్టండి. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. అరిగిన ప్యాడ్ మనకు చాలా కబుర్లు చెబుతుంది. రెండూ సమానంగా ఉంటే పిన్నులు, పిస్టన్ బాగున్నట్టు. లోపలిదే ఎక్కువ అరిగితే పిన్ను గానీ పిస్టన్ గానీ పట్టేసింది. ఒక ప్యాడ్ ఒక కొసన పలచగా, ఇంకో కొసన మందంగా ఉంటే కాలిపర్ వంకరగా జరుగుతోంది.

పిన్నులు ఒక్కొక్కటి బయటికి లాగి, పాత గ్రీజు గుడ్డతో పూర్తిగా తుడిచి, రంధ్రం కూడా శుభ్రం చేసి కొత్త గ్రీజు పలచగా పూయాలి. రెండు పిన్నులు చాలాసార్లు ఒకేలా ఉండవు, ఒకదానికి చివర చిన్న రబ్బరు ఉండొచ్చు, ఏది ఎక్కడిదో కలపొద్దు. గ్రీజు విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. బేరింగులకు వాడే మామూలు గ్రీజు ఇక్కడ వద్దు. పెట్రోలియం నూనెలు బ్రేకుల్లోని రబ్బరును ఉబ్బిస్తాయి. ఉబ్బిన రబ్బరు పిన్నును పట్టేస్తుంది, గ్రీజు పూసింది దేనికో దానికే అడ్డం పడుతుంది. బ్రేక్ పిన్నుల కోసమే దొరికే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబులో వస్తుంది. కాలిపర్‌ను డీజిల్‌తో, పెట్రోలుతో కడగడం మన దగ్గర చాలా చోట్ల చూస్తాం. అదీ రబ్బరుకు విషమే. బ్రేక్ క్లీనర్ స్ప్రే ఉంది, అదే వాడాలి. దుమ్మును నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. స్ప్రేతో తడిపి, గుడ్డతో తుడవండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

ప్యాడ్లు కూర్చునే స్టీలు క్లిప్పుల కింద తుప్పు ఉంటే వైర్ బ్రష్‌తో గీకేయాలి. ప్యాడ్ రెండు కొసలా ఉండే చెవులు అందులో చేత్తో నెడితే జరగాలి, సుత్తి అవసరం పడకూడదు.

డిస్క్ మీద, సాధారణంగా అంచున గానీ మధ్య టోపీ భాగం మీద గానీ, కనీస మందం ఎంతో అచ్చు వేసి ఉంటుంది. అంచున లేచిన గట్టు వల్ల మందం కొలిచే వెర్నియర్ సరిగ్గా కూర్చోకపోతే డిస్క్‌కు రెండు వైపులా చెరో రూపాయి బిళ్ల పెట్టి కొలిచి, బిళ్లల మందం తీసేయండి. మందం సరిపోయి, గోరుకు తగిలే గాడులు లేకుండా, పెడల్ వణకకుండా ఉంటే లేత్ మీద ఫేసింగ్ కొట్టించక్కర్లేదు. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్క్ చెక్కించాలన్నది అనవసరపు ఖర్చు, పైగా డిస్క్ ఆయుష్షును చెక్కి పారేయడం.

పిస్టన్‌ను లోపలికి నెట్టడానికి పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి సి-క్లాంపు మరను నెమ్మదిగా తిప్పుతూ తిన్నగా నొక్కాలి. అంతకుముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వస్తుంది, ఆ మేరకు డబ్బాలో ఆయిల్ తగ్గుతుంది. అది చూసి మధ్యలో ఎవరో ఆయిల్ పోసి ఉంటే ఇప్పుడు పిస్టన్ లోపలికి పోగానే డబ్బా పొంగుతుంది. సిరంజితో కొంచెం తీసేయండి. ఆయిల్ కారు రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది. పిస్టన్ సాఫీగా పోవాలి. గట్టిగా మొరాయిస్తే, దాని చుట్టూ ఉన్న రబ్బరు చిరిగి ఉంటే, తడి కనబడితే అక్కడితో ఆపేసి బండిని మెకానిక్‌కు అప్పగించాలి. అలాగే ఆయిల్ గొట్టం విప్పాల్సిన పని ఏదైనా సరే, ఆయిల్‌లోంచి గాలి తీయడం, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని, పెడల్ నొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్, ఇవి ఇంటి పని కాదని నా అభిప్రాయం.

ప్యాడ్లు కొనేటప్పుడు బండి మోడల్‌తో పాటు తయారైన ఏడాది కూడా చెప్పండి. చిన్న కార్లకు పేరున్న కంపెనీ సెట్టు వెయ్యి, రెండు వేల మధ్యలో దొరుకుతుంది. దానిలో సగం ధరకు ఇస్తానంటే నమ్మకండి. డబ్బా మీద ఆస్‌బెస్టాస్ లేదని రాసి ఉందా చూడండి. ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక పక్కది బాగుంది కదా అని వదిలేస్తే మళ్లీ బండి ఒక పక్కకు లాగుతుంది. కిర్రుమని అరిచి హెచ్చరించే చిన్న రేకు ఏ ప్యాడ్‌కు, ఏ కొసన ఉందో పాతదాన్ని చూసి అలాగే పెట్టండి. రాపిడి భాగానికి గ్రీజు చేయి తగలనివ్వొద్దు.

నట్లు ఎదురెదురుగా బిగించి, బండి దించాక గట్టి బిగింపు ఇచ్చి, రెండో పక్క కూడా అయిపోయాక ఒక పని ఉంది. దీన్ని ఎవరూ మరవకూడదు. లోపలికి నెట్టిన పిస్టన్లు ఇంకా ప్యాడ్లను ముట్టుకోలేదు. మొదటిసారి బ్రేక్ తొక్కితే పెడల్ నేలకు తగులుతుంది. ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్‌ను మెల్లగా, మళ్లీమళ్లీ, గట్టిపడేదాకా తొక్కాలి. ఈ ఒక్కటి చేయకుండా రివర్స్ తీసి గోడకో, వెనక నిలబడ్డ మనిషికో తగిలించే ప్రమాదం నిజంగా ఉంది. నేను పని మొదలుపెట్టే ముందే తాళం చెవి మా ఆవిడ చేతికిస్తాను. పెడల్ గట్టిపడిందని తను కూర్చొని తొక్కి చూశాకే బండి కదులుతుంది. తర్వాత ఆయిల్ మట్టం గీతల మధ్యలో ఉందో లేదో చూసి మూత పెట్టాలి.

కొత్త ప్యాడ్లు డిస్క్‌తో కలవడానికి కొంత సమయం పడుతుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకొని 60 వేగం నుంచి 20 దాకా మధ్యస్తంగా బ్రేక్ వేసి తగ్గించడం, మళ్లీ వేగం పెంచడం, ఇలా ఎనిమిది పదిసార్లు చేసి, చివర్లో బ్రేక్ ముట్టకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వాలి. పూర్తిగా ఆపి పెడల్ తొక్కిపెట్టి ఉంచొద్దు. అదే రోజు సాయంత్రం శ్రీశైలం బయలుదేరొద్దు.

"అందరూ ఇంట్లో చేసుకుంటే మెకానిక్‌ల పొట్ట ఏంగావాలె?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది కాబట్టి జవాబు చెప్పాలి. నాకు మెకానిక్‌ల మీద కోపం లేదు. పిన్నులు తీయకపోవడం వాళ్ల దొంగతనం కాదు. ప్యాడ్లు మార్చడానికి మనం ఇచ్చేది పావుగంట కూలి, "జల్దీ కానియ్యన్నా" అని నెత్తి మీద నిలబడేది మనమే. పావుగంట కూలికి పావుగంట పనే వస్తుంది. ఒకసారి చేత్తో చేసి చూసినవాడికి ఆ పని ఎంతదో తెలుస్తుంది, దాని కూలి ఎంతుండాలో కూడా తెలుస్తుంది. ఇంట్లో పని నేర్చుకున్నాక మిగతా పనులకు షెడ్డులో నేను బేరం ఆడటం మానేశాను.

వయసు పైబడ్డవాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, అపార్టుమెంటు సెల్లారులో చోటు లేనివాళ్లు ఈ పని చేయలేరు, చేయక్కర్లేదు. వాళ్లు షెడ్డుకు వెళ్లినప్పుడు ముందే చెప్పండి: "అన్నా, నాలుగు పిన్నులూ బయటికి తీసి, తుడిచి, సిలికాన్ గ్రీజు పెట్టు. దానికి వేరే కూలి ఇస్తా." గ్రీజు ట్యూబు మీరే కొని తీసుకుపోండి. పాత ప్యాడ్లు నాలుగూ అడిగి తెచ్చుకొని ఏది ఏ చక్రానిదో, ఏది లోపలిదో రాసి పెట్టుకోండి. వాటి మందంలో తేడా కనబడితే కారణం తేలేదాకా బండిని అక్కడి నుంచి కదపొద్దు. మళ్లీ విప్పించడానికి ఇంకో రెండు వందలు అడిగినా ఇచ్చి విప్పించండి.